డిప్లొమా తర్వాతి మూడేళ్ళు ఎవరు మోస్తారు?

మా అక్క కొడుకు ఈ వేసవిలో పది పాసయ్యాడు. పాలిటెక్నిక్ ప్రవేశ పరీక్ష పాలిసెట్ రాశాడు. విశాఖపట్నం కంచరపాలెం ప్రభుత్వ పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రికల్ సీటు వస్తుందనిపించే ర్యాంకే వచ్చింది. అదే వారంలో మా బావ ఒక కార్పొరేట్ ఇంటర్ కాలేజీకి వెళ్ళి, హాస్టల్‌తో కలిపి ఏడాదికి లక్షా ఎనభై వేలకు మాట్లాడి, సీటు పోకుండా ఐదు వేలు అడ్వాన్సు కట్టి వచ్చాడు. ఆ రాత్రి అక్క ఫోన్ చేసింది. "నువ్వు ఆ చదువే చదివావు కదా, ఒకసారి వచ్చి మీ బావతో మాట్లాడు" అంది.

వెళ్ళాను. బావ అప్పటికే ఒక పాత నోట్‌బుక్ చివరి పేజీలో లెక్క వేసి పెట్టుకున్నాడు. ఒక పక్క బీటెక్ పిల్లాడి మొదటి జీతం, ఇంకో పక్క డిప్లొమా పిల్లాడి మొదటి జీతం. మధ్యలో పెద్ద గీత. "చూడు, సగం కూడా లేదు. వీడు మార్కులు రాని పిల్లాడైతే సరే అనుకునేవాణ్ణి, ఐదొందల ముప్పై వచ్చాయి. బాగా చదివే పిల్లాణ్ణి తీసుకెళ్ళి డిప్లొమాలో వేస్తారా ఎవరైనా?" అన్నాడు.

ఆ మాట నాకు కొత్త కాదు. నేను 2006లో పది అయ్యాక పాలిటెక్నిక్‌లో చేరినప్పుడు మా వీధిలో అందరూ అన్నదే. అప్పట్లో పాలిసెట్‌ను సీఈఈపీ అనేవాళ్ళు. 2009లో డిప్లొమా అయినప్పటి నుంచీ అప్రెంటిస్‌గా, కాంట్రాక్టు కార్మికుడిగా, ఇప్పుడు పరవాడ ఫార్మా సిటీలో ఒక కంపెనీ ఎలక్ట్రికల్ మెయింటెనెన్స్‌లో పనిచేస్తూ ఈ చదువు లెక్కను అన్ని వైపుల నుంచీ చూశాను. మొదటి జీతం ఒక్కటే చూసి వేసే లెక్క తప్పని నా గట్టి నమ్మకం. ఫీజు తక్కువ కాబట్టి డిప్లొమా చవక అని వేసే లెక్కా అంతే తప్పు. ఆ రాత్రి బావ నోట్‌బుక్‌లోనే ఇంకో పేజీ తిప్పి ఇద్దరం కూర్చున్నాం.

ముందు బావ దారి. ఇంటర్ రెండేళ్ళకు మూడు లక్షల అరవై వేలు. ఆ తర్వాత బీటెక్. మన రాష్ట్రంలో ప్రైవేటు కాలేజీలో ప్రవేశ పరీక్ష ర్యాంకుతో వచ్చే కన్వీనర్ సీటు ఫీజు కాలేజీని బట్టి నలభై వేల నుంచి లక్ష దాకా ఉంటుంది కాబట్టి మధ్యలో డెబ్బై వేలు అనుకున్నాం. బస్సు, పుస్తకాలు, పరీక్ష ఫీజులు ఇంకో ముప్పై వేలు. అంటే ఏడాదికి లక్ష, నాలుగేళ్ళకు నాలుగు లక్షలు. మొత్తం ఏడు లక్షల అరవై వేలు, ఆరేళ్ళు.

ఇక డిప్లొమా. ప్రభుత్వ పాలిటెక్నిక్‌లో ట్యూషన్ ఫీజు ఏడాదికి ఐదు వేల లోపే. యూనిఫాం, డ్రాఫ్టర్, రికార్డులు, పరీక్ష ఫీజులు, బస్ పాస్, మధ్యాహ్నం టిఫిన్ అన్నీ కలిపి ఇంటి నుంచి వెళ్ళొచ్చే పిల్లాడికి ఏడాదికి ఇరవై వేలు వేశాం. మూడేళ్ళకు అరవై వేలు. బావ ఆ అంకె కింద రెండుసార్లు గీత గీశాడు.

డిప్లొమా అయ్యేసరికి పిల్లాడికి పద్దెనిమిది. బీటెక్ వాడు ఇంకా రెండో ఏడాదిలోకి వస్తుంటాడు. వాడి చదువు పూర్తయ్యేలోపు వీడికి మూడేళ్ళు మిగులుతాయి. ఆ మూడేళ్ళలో వీడు ఏం సంపాదిస్తాడన్నదే అసలు ప్రశ్న. మొదటి ఏడాది అప్రెంటిస్‌షిప్. 2019లో నిబంధనలు సవరించినప్పుడు డిప్లొమా వాళ్ళకు కనీస స్టైపెండ్ నెలకు ఎనిమిది వేలుగా పెట్టారు. మేం ఆ అంకెనే వేసుకున్నాం. రెండో ఏడాది నెలకు పదిహేను వేలు, మూడో ఏడాది పద్దెనిమిది వేలు. ఇవి మా పరవాడ, అచ్యుతాపురం వైపు కొత్త పిల్లలకు ఇస్తుండగా నేను చూస్తున్న జీతాలే. మూడేళ్ళకు నాలుగు లక్షల తొంభై రెండు వేలు. వాడి బస్సు, భోజనం, ఫోన్ కింద నెలకు మూడు వేలు తీసేస్తే మూడు లక్షల ఎనభై నాలుగు వేలు. చదువు ఖర్చు అరవై వేలూ తీసేస్తే మూడు లక్షల ఇరవై నాలుగు వేలు మిగులు.

అంటే ఇరవై ఒకటో ఏట ఇద్దరినీ పక్కపక్కన నిలబెడితే ఒకడి మీద ఏడు లక్షల అరవై వేలు ఖర్చయింది, ఇంకొకడి చేతిలో మూడు లక్షల ఇరవై నాలుగు వేలు ఉంది. మధ్య తేడా పది లక్షల ఎనభై నాలుగు వేలు. బీటెక్ వాడు ఎలక్ట్రికల్ ఉద్యోగంలోనే పాతిక వేలతో చేరితే, అప్పటికి ఇరవై వేలకు వచ్చిన డిప్లొమా వాడి కంటే నెలకు ఐదు వేలు ఎక్కువ. ఆ ఐదు వేలతో పది లక్షల తేడా పూడాలంటే పద్దెనిమిదేళ్ళు పడుతుంది.

ఇక్కడ ఆగిపోతే నేను బావను మోసం చేసినట్టే. బీటెక్ వాడు సాఫ్ట్‌వేర్‌లోకి వెళ్ళి ముప్పై ఐదు వేలతో మొదలుపెడితే తేడా పదిహేను వేలు. ఆరేళ్ళలో అందుకుంటాడు, ఆ పైన వాడు వెళ్ళే వేగాన్ని వీడు పట్టుకోలేడు. ఫీజు రీయింబర్స్‌మెంట్ వచ్చే కుటుంబమైతే బీటెక్ ఫీజు రెండు లక్షల ఎనభై వేలు లెక్కలోంచి పోతుంది. అప్పుడు నాలుగున్నరేళ్ళే. రీయింబర్స్‌మెంట్ డబ్బు ఆలస్యమై, కట్టేదాకా సర్టిఫికెట్లు ఇవ్వమని కాలేజీలు కూర్చోవడం కూడా మనకు తెలిసిందే, కాబట్టి ఆ రెండు లక్షల ఎనభై వేలను చేతిలో ఉన్న డబ్బులా నేను లెక్కపెట్టను. ఇక ఇంటర్ ప్రభుత్వ జూనియర్ కాలేజీలో చదివిస్తే ఆ మూడు లక్షల అరవై వేలే ఉండవు. ఈ మాట అన్నప్పుడు బావ ఏమీ మాట్లాడలేదు. మా ఇళ్ళల్లో పిల్లాణ్ణి ప్రభుత్వ జూనియర్ కాలేజీలో వేయడమంటే ఇంకా నామోషీగానే చూస్తారు.

ఈ రెండు దారుల మధ్య మూడోది ఉంది, దాని సంగతి చాలామంది తల్లిదండ్రులకు తెలియదు. డిప్లొమా మూడేళ్ళు చదివి ఈసెట్ అనే ప్రవేశ పరీక్ష రాసి ర్యాంకు తెచ్చుకుంటే నేరుగా బీటెక్ రెండో ఏడాదిలో చేరొచ్చు. మూడూ మూడూ ఆరు. ఇంటర్ రెండు, బీటెక్ నాలుగు, అదీ ఆరే. ఒక్క ఏడాది కూడా పోదు. ఖర్చు చూడండి. డిప్లొమా అరవై వేలు, బీటెక్ మూడేళ్ళు మూడు లక్షలు, మొత్తం మూడు లక్షల అరవై వేలు. బావ ఇంటర్ రెండేళ్ళకు పెడదామనుకున్న డబ్బు కూడా సరిగ్గా అంతే. ఆ అంకెను నోట్‌బుక్‌లో రెండు చోట్లా చూసి బావ కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

ఈ దారిలో ఇంకో మేలు ఉంది. మధ్యలో ఇంట్లో ఏదైనా జరిగి చదువు ఆగిపోతే చేతిలో ఏముంటుంది? ఇంటర్ తర్వాత బీటెక్ రెండో ఏడాదిలో ఆగినవాడికి ఇంటర్ మెమో తప్ప ఏమీ ఉండదు. మా కజిన్ ఒకడు అలాగే ఆగిపోయి ఇవాళ్టికీ డెలివరీ బండి నడుపుతున్నాడు. డిప్లొమా వాడు బీటెక్ రెండో ఏడాదిలో ఆగినా డిప్లొమా ఇంజనీరే. దీనికీ కష్టం లేకపోలేదు. ఈసెట్‌లో వచ్చినవాళ్ళు గణితంలో తడబడతారు, ఇంటర్ పిల్లలు రెండేళ్ళు రుబ్బిన పాఠాలు వీళ్ళకు అంతగా ఉండవు. ల్యాబులోకి వెళ్ళేసరికి మాత్రం, మోటార్ కనెక్షన్ ఇవ్వడానికి క్లాసంతా వీళ్ళ చుట్టూ చేరుతుంది.

ఇంతవరకూ కాగితం మీద లెక్క. నేను బావకు చెప్పాలనుకున్నది దీని తర్వాత మొదలవుతుంది. డిప్లొమా చదువుకు అరవై వేలు ఎవరైనా తెస్తారు. ఆ తర్వాతి మూడేళ్ళను ఆ ఇల్లు మోయగలదా లేదా అన్నదాని మీదే ఆ పిల్లాడి జీవితం ఏ వైపు తిరుగుతుందో తేలుతుంది.

నా సంగతే చెబుతాను. 2009లో డిప్లొమా అయింది. స్టీల్ ప్లాంటులో ఏడాది అప్రెంటిస్‌షిప్ వచ్చింది. స్టైపెండ్ నెలకు రెండు వేల లోపే. అదే సమయంలో ఒక సెల్ టవర్ కాంట్రాక్టరు డీజిల్ జనరేటర్లు చూసుకోవడానికి ఆరు వేలు ఇస్తానన్నాడు. నాన్న పోయి ఏడాదైంది, ఇంట్లో ఆరు వేలంటే పెద్ద డబ్బు. నేను టవర్ పనికే వెళ్తానన్నాను. మా అక్క వద్దంది. అప్పటికి అక్కకు పెళ్ళి కాలేదు, చీరలకు ఫాల్స్ కుట్టేది. ఆ ఏడాది నా బస్సు ఛార్జీ, నా టిఫిన్ డబ్బులు, మోకాళ్ళ మీద చీర పరుచుకుని అక్క కుట్టిన ఫాల్స్ లోంచి వచ్చాయి. నా క్లాస్‌మేట్ ఒకడు ఆ టవర్ పనికి వెళ్ళాడు. నాకంటే మార్కులు ఎక్కువ వాడికి. మూడేళ్ళు జనరేటర్‌లో డీజిల్ పోసి, బ్యాటరీలు తుడిచి, ఒక్క ప్యానెల్ విప్పకుండానే బయటకు వచ్చాడు. అప్పుడు ఏ కంపెనీకి ఇంటర్వ్యూకి వెళ్ళినా "స్టార్-డెల్టా స్టార్టర్ కంట్రోల్ వైరింగ్ గీయి" అని మోటార్ స్టార్ట్ చేసే సర్క్యూట్ అడిగితే చెయ్యి ఆగిపోయేది. ఇవాళ వాడు ఇన్సూరెన్స్ పాలసీలు అమ్ముతున్నాడు.

నేను ఆ ఏడాది ఏం నేర్చుకున్నాను? ఒక సీనియర్ టెక్నీషియన్ ఉండేవారు, రిటైర్మెంటుకు దగ్గరపడ్డారు. మోటార్ ఆగిపోయిందని ఫోన్ వస్తే ఆయన అక్కడికి వెళ్ళి ముందు ఏదీ ముట్టుకునేవారు కాదు. ముక్కు దగ్గరగా పెట్టి వాసన చూసేవారు. కాలిన వార్నిష్ వాసన వస్తే మోటార్ లోపలి తీగచుట్ట, అంటే వైండింగ్, పోయినట్టు. వాసన లేకపోతే, లోడు ఎక్కువైనప్పుడు మోటార్‌ను ఆపే ఓవర్‌లోడ్ రిలే పడినట్టు. దాన్ని రీసెట్ చేయొద్దు, ఎందుకు పడిందో చూడు అనేవారు. ఆ తర్వాతే మెగ్గర్ తీసి, మోటార్ తీగలు విడదీసి, ఒక్కో ఫేజుకూ బాడీకీ మధ్య ఇన్సులేషన్ కొలవమనేవారు. నేను తొందరపడి రీసెట్ బటన్ మీద వేలు పెడితే చేతి మీద ఒక్కటి వేసేవారు. కాలేజీలో మూడేళ్ళు చదివింది ఆ ఏడాదిలో నా చేతుల్లోకి దిగింది. ఇవాళ నాకు వస్తున్న జీతంలో సగం ఆ ఏడాది చలవే.

అందుకే బావతో అన్నాను. "బావా, ఇంటర్‌కి పెడతానన్న మూడు లక్షల అరవై వేలలో ఒక లక్ష పక్కన పెట్టు. వీడు డిప్లొమా అయ్యాక మొదటి రెండేళ్ళు వీడి జీతం ఇంట్లోకి అడక్కు. ఎక్కువ ఇచ్చే చోటికి కాదు, నేర్పే చోటికి వెళ్ళనివ్వు." బీటెక్‌కు నాలుగేళ్ళు ఎదురుచూసే ఓపిక ఉన్న తల్లిదండ్రులే డిప్లొమా పిల్లాడి చేతిలో మొదటి నెలే జీతం చూడాలంటారు. అది ఆ పిల్లాడికి చేసే పెద్ద అన్యాయం.

రెండోది, జీతం ఎంతో అడిగే ముందు జీతం స్లిప్పు కంపెనీ పేరు మీద వస్తుందా, కాంట్రాక్టరు పేరు మీదా అని అడగాలి. ఇది నేను ఒళ్ళు కాల్చుకుని నేర్చుకున్న మాట. 2012లో ఒక ఫ్యాక్టరీలో కాంట్రాక్టరు కింద పనిచేస్తున్నాను. రాత్రి షిఫ్టు, ఒక ఎల్‌టీ (తక్కువ వోల్టేజీ) ప్యానెల్‌లో కేబుల్ మార్చాలి. ఆ కేబుల్‌కు కరెంటు ఇచ్చే ఫీడర్ ఆఫ్ చేశామని చెప్పారు. ఫీడర్ ఆఫే, కానీ వెనక ప్యానెల్‌కంతా కరెంటు పంచే లోహపు పట్టీ, బస్‌బార్, లైవ్‌లోనే ఉంది. నేను టెస్టర్‌తో కింది టెర్మినల్స్ చూశాను, పైన చూడలేదు. స్పానర్ జారింది. శబ్దం కంటే ముందు తెల్లటి వెలుగు గుర్తుంది. నేను వేసుకున్నది పాలిస్టర్ చొక్కా. అది మండి ఊరుకోలేదు, కరిగి మోచేతి దగ్గర చర్మానికి అంటుకుపోయింది. ఆస్పత్రిలో చొక్కా ముక్కలు ఒక్కొక్కటీ తీస్తుంటే అక్క బయట నిలబడి ఉంది. నలభై రోజులు పనికి వెళ్ళలేదు. ఆ నలభై రోజులకు రూపాయి రాలేదు, మందుల ఖర్చూ మాదే. ఈఎస్ఐ అనే కార్మికుల ఆరోగ్య బీమా కింద కాంట్రాక్టరు నా జీతంలో కోత కోస్తూనే ఉన్నాడు, కట్టింది మాత్రం లేదని అప్పుడు తెలిసింది. ఈఎస్ఐ పరిధిలోకి వచ్చే సంస్థల్లో నెలకు ఇరవై ఒక్క వేల దాకా జీతం ఉన్నవాళ్ళకు ఈఎస్ఐ వర్తిస్తుంది, అంటే అక్కడ కొత్తగా ఉద్యోగంలో చేరే డిప్లొమా పిల్లల్లో చాలామందికి. చేరిన మొదటి నెలలోనే నంబరు తీసుకుని, డబ్బు పడుతోందో లేదో చూసుకోవాలి. పీఎఫ్ కూడా అంతే. కాటన్ చొక్కా వేసుకోవాలి. ఈ పనిలో ఒంటికి ఉన్న ప్రమాదాన్ని ఏ నోట్‌బుక్‌లోనూ ఎవరూ రాయరు. నేను బావ చేత రాయించాను.

మూడోది, ఈ చదువుకు నేను ఇంకా కడుతూనే ఉన్న ఖర్చు. 2017లో మా సెక్షన్‌లో అసిస్టెంట్ మేనేజర్ పోస్టు ఖాళీ అయింది. నాకు అప్పటికి ఎనిమిదేళ్ళ అనుభవం. ఇచ్చింది రెండేళ్ళ కిందట ట్రైనీగా వచ్చిన బీటెక్ కుర్రాడికి. మంచి కుర్రాడే, మర్యాద తెలిసినవాడు. కానీ బ్రేకర్ ట్రిప్ అయితే నాకు ఫోన్ చేసి అడిగి, నేను చెప్పింది రిపోర్టులో రాసి సంతకం పెట్టేవాడు. డిప్లొమాకు పైకప్పు ఉంది. చాలా ప్రైవేటు కంపెనీల్లో ఒక మెట్టు దగ్గర ఆగిపోతాం. నేను ఈసెట్ రాయలేదు, రాసి ఉండాల్సింది. ఇది తెలిసే మేనల్లుడికి మూడో దారి చెబుతున్నాను.

ప్రభుత్వ ఉద్యోగాల్లో ఈ పైకప్పు అంత కిందికి ఉండదు. రైల్వే జూనియర్ ఇంజనీర్‌కు డిప్లొమా చాలు, మొదటి బేసిక్ 35,400. తెలంగాణలో దక్షిణ విద్యుత్ పంపిణీ సంస్థ (డిస్కం) 2022లో 201 సబ్ ఇంజనీర్ పోస్టులు వేసింది. అర్హత ఎలక్ట్రికల్ డిప్లొమా, స్కేలు 45,205తో మొదలు. వినడానికి బాగుంటుంది. కానీ అవి నోటిఫికేషన్ పడ్డప్పటి మాట. రైల్వే జేఈకి బీటెక్ వాళ్ళూ పోటీకి వస్తారు. వాటి కోసం అమీర్‌పేటలోనో ద్వారకానగర్‌లోనో రూము తీసుకుని నాలుగేళ్ళు కూర్చున్న మా బ్యాచ్ వాళ్ళను చూశాను. ఒకడికి వచ్చింది, మిగతావాళ్ళకు పని అనుభవం లేకుండా ఇరవై ఆరేళ్ళు వచ్చాయి. ఉద్యోగం చేస్తూ రాయమంటాను, మానేసి వద్దంటాను.

నా కంటే ఎక్కువ సంపాదిస్తున్నది మా బ్యాచ్‌లో క్లాసులో వెనక బెంచీలో కూర్చున్నవాడు. కొన్నాళ్ళు ఒక కాంట్రాక్టరు దగ్గర పనిచేసి అనుభవం చూపించి సూపర్‌వైజర్ పర్మిట్ తీసుకున్నాడు, తర్వాత ఎలక్ట్రికల్ కాంట్రాక్టరు లైసెన్సు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చి విశాఖలో కరెంటు స్తంభాలు పడిపోయినప్పుడు వాడు ఇంటికి రాకుండా పనిచేశాడు, మా పేటలో అపార్టుమెంట్లు అప్పటి నుంచి వాణ్ణి వదల్లేదు. ఇప్పుడు అపార్టుమెంట్లకు ట్రాన్స్‌ఫార్మర్లు, ప్యానెళ్ళు పెడతాడు. రెండేళ్ళుగా పైకప్పు సోలార్ పనులు ఎక్కువయ్యాయంటాడు. 2024లో మొదలైన పీఎం సూర్యఘర్ పథకంలో మూడు కిలోవాట్లకు డెబ్బై ఎనిమిది వేలు సబ్సిడీ వస్తుండటంతో మధ్యతరగతి ఇళ్ళవాళ్ళు అడుగుతున్నారు. బీటెక్ లేదని వాణ్ణి ఎవరూ అడగరు, లైసెన్సు నంబరు అడుగుతారు. వాడి కష్టం వేరు. బిల్డర్లు చివరి బిల్లు ఆపుతారు, వైరు ధర రాత్రికి రాత్రి పెరుగుతుంది. కిందటి సంక్రాంతికి కుర్రాళ్ళకు జీతాలు ఇవ్వడానికి భార్య గాజులు తాకట్టు పెట్టాడు.

మేనల్లుడు ఇంతసేపూ తలుపు దగ్గర నిలబడి వింటున్నాడు. వాడికేం కావాలో మేం ముగ్గురిలో ఒక్కరమూ అడగలేదని అక్కే గుర్తుచేసింది. వాడు తెలియదన్నాడు. పదిహేనేళ్ళ పిల్లాడికి ఎలా తెలుస్తుంది? ఆదివారం వాణ్ణి మా కాంట్రాక్టరు స్నేహితుడి సైటుకు తీసుకెళ్ళాను. కరెంటు ఇంకా రాని కొత్త బిల్డింగు, కాబట్టి భయం లేదు. పైపుల్లోంచి వైర్లు లాగే పని. సాయంత్రానికి వాడి వేళ్ళు ఎర్రబడ్డాయి, చొక్కా నిండా సిమెంటు దుమ్ము. బండి మీద వస్తూ వెనక నుంచి అడిగాడు, "మామయ్యా, న్యూట్రల్ కూడా రాగి తీగే కదా, కరెంటు దాంట్లోంచీ వెళ్తుంది కదా, మరి ముట్టుకుంటే షాక్ కొట్టదని ఎందుకంటారు?" ఎన్ఏడీ సిగ్నల్ దగ్గర బండి పక్కకు ఆపి చెప్పాల్సి వచ్చింది. కొట్టదని ఎప్పుడూ నమ్మొద్దని కూడా చెప్పాను.

పాలిసెట్ కౌన్సెలింగ్ వెబ్ ఆప్షన్లలో మొదటిది కంచరపాలెం ఎలక్ట్రికల్ పెట్టాం. మూడేళ్ళయ్యాక ఈసెట్టా, అప్రెంటిస్‌షిప్పా అన్నది అప్పుడు చూసుకుందామని బావ అన్నాడు. లక్ష రూపాయలు వాడి పేరు మీద ఫిక్స్‌డ్ డిపాజిట్ వేస్తానన్నాడు, అక్క వేయించే దాకా ఊరుకోదు. ఇంటర్ కాలేజీ అడ్వాన్సు ఐదు వేలు తిరిగి ఇవ్వరట. బావ నోట్‌బుక్ తీసి, డిప్లొమా ఖర్చు అరవై వేల పక్కన ఆ ఐదు వేలూ కలిపి, అరవై ఐదు అని రాసుకున్నాడు.